కౌజు పిట్టలకు ఇంటి దగ్గర పొగ పట్టించడం: ఉప్పునీళ్ల నుంచి కట్టె దాకా

శుభ్రం చేసిన ఫారం కౌజు పిట్ట 130 నుంచి 180 గ్రాములు తూగుతుంది. రొమ్ము దగ్గర మాంసం పలచన, తోలు కింద కొవ్వు నామమాత్రం. పెద్ద మాంసం ముక్కల్లా దాన్ని గంటల తరబడి సన్నసెగ మీద ఉంచితే పీచులా ఎండిపోతుంది, తోలు మాత్రం రబ్బరులా సాగుతుంది. చిన్న పిట్టకు పొగ పట్టేది గంటసేపే. ఆ గంట బాగా సాగాలంటే ముందు రోజు నుంచే పని మొదలవ్వాలి. ఉప్పునీళ్లలో నానబెట్టడం, తడి ఆరబెట్టడం, ఎండిన కట్టె సిద్ధం చేసుకోవడం, ఈ మూడింటి మీదే రుచి ఆధారపడుతుంది.

ఇక్కడి లెక్కలన్నీ ఒక్కొక్కటి 150 గ్రాముల చొప్పున 6 కౌజులకు, అంటే 900 గ్రాముల మాంసానికి. తందూరి సైజు కోడికి, అంటే 700 నుంచి 900 గ్రాముల దానికి మార్పులు ఎక్కడికక్కడ చెప్పాం.

పిట్టను ఎంచడం

కొనేటప్పుడు మొదట చెప్పాల్సిన మాట "తోలు తీయొద్దు" అని. మన షాపుల్లో కౌజును చేత్తో తోలుతో సహా ఒలిచేస్తారు, పనివాళ్లకు అది చిటికెలో పని. పొగకు తోలు తప్పనిసరి. మాంసంలోని తడిని అదే కాపాడుతుంది, పొగ రంగు కూడా దానికే పడుతుంది. తోలుతో కావాలంటే ఈకలు పీకాలి కాబట్టి షాపువాళ్లు ముందు రోజు చెప్పమంటారు. ఇంట్లోనే పీకాలంటే 55 డిగ్రీల దగ్గరున్న నీళ్లలో అర నిమిషం ముంచి తీస్తే ఈకలు సులువుగా వస్తాయి. నీళ్లు మరీ వేడెక్కితే కౌజు తోలు పలచన కాబట్టి ఈకతోపాటు ఊడి వస్తుంది. మిగిలిన నూగును గ్యాసు మంట మీద అటూ ఇటూ తిప్పుతూ కాల్చేయండి. నాటు కోడిని కాల్చి పసుపు రాసే అలవాటు ఉన్నవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. పసుపు మాత్రం ఇక్కడ అక్కర్లేదు, పొగ రంగును అది కప్పేస్తుంది.

కడుపు శుభ్రం చేసేటప్పుడు రెండు చోట్ల చూడండి. పక్కటెముకలకు అంటుకుని ఎర్రగా కనిపించే ఊపిరితిత్తులు వేలితో గీకి తీయాలి. అవి, వాటి చుట్టూ గడ్డకట్టిన రక్తం ఉండిపోతే నీచు కొడుతుంది. తోక మొదట్లో పసుపు రంగు నూనె గ్రంథి ఉంటుంది, దాన్ని చిన్న కత్తితో కోసేయాలి. మెడ దగ్గర మేత సంచి మిగిలి ఉంటే అదీ తీసేయండి. కొళాయి కింద పెట్టి కడిగితే తుంపరలు వంటింటి నిండా పడతాయి. గిన్నెలో నీళ్లు పోసి కడిగి, ఆ గిన్నెను సబ్బుతో తోమేయండి.

పొలాల్లో తిరిగే అడవి కౌజులు, పూరేళ్లు, చెరువుల మీద వాలే నీటి పక్షులు ఈ వంటకు కావు. వాటిని పట్టడం, కొనడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం. వలస పక్షులు వాలే నేలపట్టు, పులికాట్ పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా మనది, ఇది గట్టిగా చెప్పాల్సిన మాటే. ఫారంలో పెంచే జపాన్ కౌజులే కొనండి. తూలుతున్న, చచ్చిన పిట్టను ఎంత చవకగా ఇచ్చినా ఇంటికి తేవద్దు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోని పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ వైరస్ బాగా ఉడికిన మాంసంలో బతకదు. ప్రమాదమంతా పచ్చి పిట్టను ముట్టుకుని శుభ్రం చేసేటప్పుడే.

ఉప్పునీళ్లు

లీటరు నీళ్లకు 60 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల బెల్లం. మన 6 పిట్టలకు లీటరున్నర నీళ్లు, 90 గ్రాముల ఉప్పు, 45 గ్రాముల బెల్లం సరిపోతాయి. దంచిన మిరియాలు ఒక చెంచా, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు 6, ఒక నిమ్మకాయ తొక్క వేయండి. తొక్క పైపైన పచ్చటి భాగమే తీయాలి, తెల్ల పొర చేదు. నిమ్మరసం మాత్రం ఇందులో పిండకండి. రెండు గంటలు పులుపులో నానితే పైపొర మాంసం పాలిపోయి సుద్దలా తయారవుతుంది. పొదలకూరు నిమ్మకాయల రసం ఎంత బాగున్నా దాని చోటు వడ్డించేటప్పుడే.

ఉప్పును చెంచాతో కొలవొద్దు, తూకం వేయండి. ఇసకపల్లి మడుల్లో పండే కల్లుప్పుకూ ప్యాకెట్ మెత్తటి ఉప్పుకూ చెంచాలో పట్టే బరువు ఒకటి కాదు. కల్లు పెద్దగా ఉంటే మధ్యలో ఖాళీ ఎక్కువ, చెంచాకు ఉప్పు తక్కువ పడుతుంది. వంట చెడిపోవడానికి ఇదే పెద్ద కారణం. ఒక గ్రాము తేడా చూపే చిన్న కాటా చాలు.

మొత్తం నీళ్లు కాచనక్కర్లేదు. 300 మిల్లీలీటర్ల నీళ్లలో ఉప్పు, బెల్లం, మిరియాలు, వెల్లుల్లి వేసి ఒక్క పొంగు రానిచ్చి దించండి. బెల్లంలో ఇసుక ఉంటే వడగట్టండి. మిగిలిన 1200 మిల్లీలీటర్లలో సగం ఐస్‌గా వేస్తే పది నిమిషాల్లో చల్లబడుతుంది. ఐస్ కూడా నీళ్ల లెక్కలోదే. దాన్ని మరిచి అదనంగా వేస్తే ఉప్పు పలచబడుతుంది. చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలాకే పిట్టలు ముంచాలి. గోరువెచ్చటి నీళ్లలో వేస్తే మాంసం బయట ఉడకడం, లోపల పాడవడం రెండూ మొదలవుతాయి.

పిట్టలు తేలకుండా పైన పళ్లెం బరువు పెట్టి ఫ్రిజ్‌లో 2 గంటలు ఉంచండి. 3 గంటలు దాటితే కౌజు ఉప్పు కషాయమే. తందూరి సైజు కోడికి ఇదే నీళ్లు 6 గంటలు పడతాయి. పొద్దున్నే లేచి గడియారం చూసుకోవడం కుదరనివాళ్లకు ఇంకో దారి ఉంది. పిట్టల బరువూ నీళ్ల బరువూ కలిపి, అందులో ఒకటిన్నర శాతం ఉప్పు వేయాలి. 900 గ్రాముల పిట్టలు, 1500 గ్రాముల నీళ్లు కలిపితే 2400, దానికి ఉప్పు 36 గ్రాములు. రాత్రి వేసి తెల్లారి తీయొచ్చు. గంటా రెండు గంటలు అటూ ఇటూ అయినా ఉప్పెక్కదు, ఎందుకంటే నీళ్లలోనూ మాంసంలోనూ ఉప్పు సమానమయ్యాక ఇక లోపలికి పోదు. మొదటిసారి చేసేవాళ్లకు మేం ఈ రెండో దారే చెబుతాం.

ఆరబెట్టడం

అందరూ తొందరపడేది ఇక్కడే. తడి తోలు మీద పొగ పడితే అది నీళ్లలో కరిగి బొట్లు బొట్లుగా జారుతుంది. తోలు మీద మసి చారలు పడతాయి, రుచి పుల్లచేదుగా ఉంటుంది. నీళ్లలోంచి తీసి ఒక్కసారి కడిగి, లోపలా బయటా శుభ్రమైన గుడ్డతో ఒత్తి తుడవండి. కాళ్లు రెండూ దగ్గరకు లాగి నూలు దారంతో కట్టండి, రెక్కల కొసలు వెనక్కి మడవండి. లేకపోతే ఆ కొసలే ముందు మాడతాయి. జాలీ మీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో 3 గంటలు. వేలితో తాకితే తడి అంటకుండా కాస్త జిగటగా తగలాలి. పొగకు కావాల్సింది ఆ జిగటే.

ఫ్యాను కింద పెట్టొచ్చా అని అడుగుతారు. జనవరిలో, చలిగాలి రోజున అరగంట పర్వాలేదు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఒంగోలు, నెల్లూరుల్లో వద్దు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. చల్లటి పొగ పద్ధతి, అంటే 30 డిగ్రీల లోపు పొగలో గంటల కొద్దీ వేలాడదీయడం, మన వాతావరణంలో పక్షి మాంసానికి ఏ నెలలోనూ చేయకండి.

కట్టె, బొగ్గు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కట్టెకు కొరత లేదు. చెరువు కట్టల మీద, బీళ్లలో ఎక్కడ చూసినా చిల్లచెట్లే, సర్కారు తుమ్మ అన్నా అదే. అమెరికాలో మాంసానికి పొగ పెట్టే మెస్కీట్ చెట్టూ ఇదీ దగ్గరి చుట్టాలు. పొగ ఘాటు, కాబట్టి కౌజుకు గుప్పెడంత ముక్క ఒకటి చాలు. బొగ్గుగా మాత్రం దీన్ని మించింది లేదు. గట్టిగా ఉంటుంది, సెగ ఎక్కువసేపు నిలుస్తుంది. పొగ రుచికి మా ఎంపిక జామ. సపోటా, మామిడి కూడా మెత్తటి పొగే ఇస్తాయి. నిమ్మతోటల్లో కొమ్మలు కత్తిరించే రోజుల్లో లావు కొమ్మలు దొరికితే తెచ్చి ఆరేసుకోండి, చిన్న పిట్టకు అది చక్కగా కుదురుతుంది. సరుగుడు బాగా కాలుతుంది గానీ దాని పొగకు చెప్పుకోదగ్గ వాసన లేదు, సెగకే పనికొస్తుంది.

వాడకూడనివి: వేప చేదు పొగ వస్తుంది. జామాయిల్ కట్టెలో నూనె మందు వాసన వేస్తుంది. జీడిమామిడిలో జీడి ఉంటుంది. గన్నేరు విషం, దాని పుల్లను పిట్టకు గుచ్చడానికి కూడా వాడొద్దు. పాత తలుపులు, ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, ప్యాకింగ్ పెట్టెల చెక్క, ఇవేవీ దగ్గరకు రానీయకండి.

కట్టె బెరడు తీసి, కనీసం నాలుగైదు నెలలు నీడన ఆరినదై ఉండాలి. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే ఖణేల్‌మనాలి, మొద్దు చప్పుడు వస్తే ఇంకా పచ్చే. కట్టెను నీళ్లలో నానబెట్టే అలవాటు మానేయండి. ముందు ఆవిరి వస్తుంది, నిప్పు చల్లారుతుంది, తర్వాత తెల్లటి దట్టమైన పొగ కమ్ముతుంది. చేదంతా ఆ పొగలోనే ఉంటుంది. 6 పిట్టలకు గుప్పెడంత జామ ముక్కలు రెండు, మొత్తం 200 గ్రాముల లోపే.

డ్రమ్ము

200 లీటర్ల ఇనుప డ్రమ్ము, పైన మూత పూర్తిగా ఊడి వచ్చే రకం తీసుకోండి. వంటనూనెలాంటి తినే సరుకు నిల్వ చేసినదై ఉండాలి. రసాయనాల డ్రమ్ము ఎన్నిసార్లు కాల్చినా పనికిరాదు. అడుగు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున, చుట్టూ సమదూరంలో 3 రంధ్రాలు, ఒక్కోటి 2 సెంటీమీటర్ల వెడల్పు. వాటిని మూయడానికి బోల్టుతో తిరిగే రేకు ముక్కలు బిగించండి. మూతలో 4 సెంటీమీటర్ల రంధ్రం ఒకటి, దానికీ అలాంటి రేకే. బొగ్గు బుట్టకూ పిట్టల జాలీకీ మధ్య 60 సెంటీమీటర్ల దూరం ఉండేలా, పైనుంచి 15 సెంటీమీటర్ల కింద నాలుగు స్టీలు బోల్టులు పెడితే జాలీ వాటి మీద నిలుస్తుంది. జాలీ స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. జింకు పూత పూసిన జాలీ వేడికి విషపు పొగ వదులుతుంది. జాలీ ఎత్తున పక్కన చిన్న రంధ్రం చేసి థర్మామీటర్ పుల్ల దూర్చండి. మూత మీద పెట్టిన థర్మామీటర్ పిట్ట ఉన్న చోటు వేడి చూపించదు.

ఈ వెల్డింగ్, డ్రిల్లింగ్ అంతా ఊళ్లో ఏ గేట్లు చేసే షాపులోనైనా ఒక పూట పని. తర్వాత ఖాళీ స్థలంలో, లోపల కట్టెలు పేర్చి రెండు గంటలు పెద్ద మంట పెట్టి లోపలి పూత కాల్చేయండి. వైరు బ్రష్‌తో ఇనుము కనిపించేదాకా గీకి, కడిగి, వంటనూనె రాసి ఇంకోసారి ఖాళీగా వేడి చేయండి.

కందుకూరు, పొదిలి వైపు పొగాకు ఆకును సెగతో ఆరబెట్టే బ్యారన్ చూసినవాళ్లకు గాలి, సెగ ఎలా పనిచేస్తాయో తెలుసు. అక్కడ పొగ గొట్టాల గుండా బయటికి పోతుంది, ఆకుకు వేడి ఒక్కటే తగులుతుంది. ఇక్కడ పొగ కూడా పిట్ట మీదుగానే పోవాలి. అందుకే పై రంధ్రాన్ని ఎప్పుడూ పూర్తిగా మూయకూడదు. పొగ లోపల నిలిచిపోతే జిడ్డుగా పిట్ట మీద పేరుకుంటుంది.

వెలిగించి, పొగ పెట్టడం

బుట్టలో కిలోన్నర తుమ్మ బొగ్గు పోసి మధ్యలో గుంట చేయండి. విడిగా పది, పన్నెండు బొగ్గులు పూర్తిగా ఎర్రబడేదాకా రాజేసి ఆ గుంటలో వేయండి. నిప్పు మెల్లగా పక్కలకు పాకుతుంది, వేడి రెండు గంటలు నిలకడగా ఉంటుంది. కిరోసిన్, పెట్రోలు చుక్క కూడా వద్దు, ఆ వాసన తోలుకు పట్టేస్తుంది. కొబ్బరి పీచు, ఎండు తాటాకు రాజేయడానికి చాలు.

జాలీ కింద, బొగ్గుకు పైన ఒక స్టీలు పళ్లెంలో అర లీటరు వేడి నీళ్లు ఉంచండి. వేడి ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి, కారే కొవ్వు నిప్పులో పడదు. మూత పెట్టి కింది రంధ్రాలు మూడూ తెరిస్తే 20 నిమిషాల్లో వేడి ఎక్కుతుంది. 100 డిగ్రీలు రాగానే ఒక రంధ్రం మూసేయండి, 115 దగ్గర రెండోది సగం మూయండి. వేడి పెరిగాక దించడం కష్టం, పెరిగేటప్పుడే ఆపాలి. మనకు కావాల్సింది 115 నుంచి 125 డిగ్రీలు. కోడికి 125 నుంచి 135 ఉన్నా మంచిదే.

ఇప్పుడు కట్టె ముక్కలు ఎర్రటి బొగ్గు మీద పెట్టండి. మొదటి ఐదు, పది నిమిషాలు తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, అది పోనివ్వండి. పై రంధ్రంలోంచి పొగ పలచబడి, నీలంగా, వెనకున్న చెట్టు కనిపించేంత సన్నగా మారినప్పుడు పిట్టలు పెట్టాలి. రొమ్ము పైకి, ఒకదానికొకటి తగలకుండా, మధ్యన రెండు వేళ్ల సందు ఉంచి అమర్చండి. పైపైన నూనె చేత్తో రాస్తే చాలు. కారం ఇప్పుడు రాయొద్దు, చివరి పెద్ద సెగకు మాడి చేదెక్కుతుంది.

మూత మూశాక 40 నిమిషాలు తెరవకండి. మూత తీసిన ప్రతిసారీ లోపలి వేడి పోతుంది, బొగ్గుకు ఒక్కసారిగా గాలి తగిలి మళ్లీ మూశాక వేడి హద్దు దాటుతుంది. 40 నిమిషాలకు డిజిటల్ థర్మామీటర్ పుల్లను మెడ వైపు నుంచి రొమ్ము మందంలోకి, ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. 70 డిగ్రీలు వచ్చాక తీయొచ్చు. మామూలుగా కౌజుకు 55 నుంచి 70 నిమిషాలు, 800 గ్రాముల కోడికి గంటన్నర నుంచి రెండు గంటలు. కోడికి తొడ మందంలో కూడా చూడాలి.

చివరి పని తోలు కరకరలాడించడం. 120 డిగ్రీల పొగలో తోలుకు రంగు వస్తుంది గానీ కరకర రాదు. పిట్టలు బయటికి తీసి, జాలీ కింద ఎర్రటి బొగ్గు జానెడు దూరంలో ఉండేలా చేసుకుని, నెయ్యి రాసి రెండు వైపులా ఒక్కో నిమిషం కాల్చండి. ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంటే 220 డిగ్రీల వేడిలో నాలుగైదు నిమిషాలు. ఏమీ లేకపోతే దోసె పెనం బాగా కాల్చి, తోలు వైపు అదిమి పెట్టినా పని జరుగుతుంది. ఎలా కాల్చినా దించేసరికి లోపల 74 డిగ్రీలు తప్పకుండా చూపించాలి. ఐదు నిమిషాలు ఆగి వడ్డించండి. నెల్లూరు కారం దోసె మీద పూసే ఎర్రకారాన్ని ఆ వేడి తోలు మీద పలచగా రాసి నిమ్మ పిండితే ఇంకేమీ అక్కర్లేదు.

కోస్తే ఎముక పక్కన గులాబీ రంగు కనిపించవచ్చు. పొగలోని వాయువులు మాంసం రంగుతో కలిసి ఆ ఎరుపును నిలబెడతాయి, లేత పిట్ట ఎముకల్లోంచి మజ్జ కూడా రంగు దిగుతుంది. 74 డిగ్రీలు చూపించిందంటే ఉడికినట్టే. రంగు చూసి మళ్లీ పొయ్యి ఎక్కించకండి.

ఎక్కడ చెడుతుంది

తిన్నాక నాలుక మొద్దుబారినట్టు, చేదుగా ఉంటే తెల్ల పొగలో పెట్టారని, లేదా కట్టె పచ్చిదని అర్థం. పైరంధ్రం మూసినా అంతే. మాంసం పొడిపొడిగా ఉంటే 74 దాటించి 85కు తీసుకెళ్లారు, ఉప్పునీళ్లు ఎంత బాగా చేసినా దీనికి మందు లేదు. తోలు సాగితే చివరి సెగ చాలలేదు లేదా ముందు తడి ఆరలేదు. ఒక పక్కే నల్లబడితే గాలి వాటం చూడండి. సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి లేచాక ఆ పక్క రంధ్రంలోంచి ఎక్కువ గాలి దూరి బొగ్గు ఒకవైపే రగులుతుంది. గాలికి ఎదురున్న రంధ్రం మూసి, అవతలివి తెరవండి. మధ్యలో వేడి పడిపోతే ఎక్కువసార్లు కారణం బూడిద. కింది రంధ్రాల్లోంచి సన్నటి కమ్మీతో కదిపితే సరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో బొగ్గు చెమ్మ పీల్చి అసలు రాజుకోదు, ముందు రోజు ఎండలోనో పొయ్యి పక్కనో ఆరబెట్టుకోండి.

షాపువాళ్లు తోలు తీసేసిన పిట్టలే ఇస్తే మానేయనక్కర్లేదు. నెయ్యి దట్టంగా రాసి, 40 నిమిషాలకు చూడటం మొదలుపెట్టండి, చివరి పెద్ద సెగ వదిలేసి పొగలోనే 74 డిగ్రీలు రానివ్వండి. రుచి వస్తుంది, తోలుతో చేసినంత రసం ఉండదు.

డ్రమ్మును ఇంట్లో, మూసిన వరండాలో, కారు షెడ్డులో వెలిగించొద్దు. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. గడ్డివామికి, తాటాకు పాకకు దూరంగా పెట్టండి. పని అయ్యాక రంధ్రాలన్నీ మూస్తే బొగ్గు ఆరిపోతుంది, మిగిలింది ఇంకోసారికి పనికొస్తుంది.

నిల్వ సంగతి. పొగ పట్టింది కదా అని ఎండుచేపలా వేలాడదీస్తే రెండు రోజుల్లో పాడవుతుంది. ఇది పొగలో వండిన మాంసమే గానీ నిల్వ సరుకు కాదు. ఆరిన గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి 3 రోజుల్లో తినేయండి, గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నెల దాకా రుచి తగ్గదు. మళ్లీ వేడి చేసేటప్పుడు మూత పెట్టిన పెనంలో రెండు చెంచాల నీళ్లు చిలకరించి సన్నసెగన పెట్టండి. ఎముకలు పారేయకండి. లీటరు నీళ్లలో గంటసేపు మరిగించి వడకట్టి, ఆ నీళ్లతో మిరియాల చారు కాయండి. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూశాకే వేయాలి, ఎముకల్లో ముందే కొంత ఉంటుంది.